సైన్యం కూర్చిన జట్టు, కోచ్ నేర్పిన ఆట: మాస్కో సీఎస్‌కేఏ ఐస్ హాకీ చరిత్రపై సమీక్ష

సోవియట్ ఐస్ హాకీ జాతీయ చాంపియన్‌షిప్ 1947 నుంచి 1992 దాకా 46 సీజన్లు నడిచింది. వాటిలో 32 సార్లు విజేత ఒకే జట్టు, మాస్కో సైనిక క్లబ్ సీఎస్‌కేఏ. 1977 నుంచి 1989 దాకా వరసగా 13 ఏళ్లు ఆ పట్టం చేజారనివ్వలేదు. యూరోపియన్ కప్పు 20 సార్లు గెలిచింది. ఏ ఆటలోనైనా ఇంత ఏకపక్షమైన చరిత్ర అరుదు.

ఇదెలా సాధ్యమైందన్న ప్రశ్నకు రెండు జవాబులున్నాయి. సైనిక సేవ తప్పనిసరైన దేశంలో సైన్యానికే ఒక క్లబ్ ఉంటే దేశంలోని మంచి ఆటగాళ్లంతా అక్కడికే చేరతారు, ఇక గెలవడంలో వింతేముంది అన్నది ఒకటి. మనుషులను పోగుచేసినంత మాత్రాన జట్టు కాదు, అనతోలీ తరాసోవ్ అనే కోచ్ కెనడా వాళ్ల ఆటకు దీటుగా ఒక కొత్త ఆటనే తయారుచేశాడు, గెలుపులన్నీ ఆ ఆలోచన ఫలితం అన్నది రెండోది. మొదటి వాదం ప్రత్యర్థి క్లబ్బుల అభిమానులది, తర్వాతి రోజుల్లో తిరగబడ్డ ఆటగాళ్లది. రెండోది క్లబ్ వారిది, ఆటను ప్రేమించే విశ్లేషకులది. రెండింటిలోనూ నిజముంది. ఏది ఎంత అన్నది తేలాలంటే క్లబ్ చరిత్రను మొదటినుంచీ చూడాలి.

రష్యన్లకు మంచు మీద ఆడటం కొత్త కాదు. ఫుట్‌బాల్ మైదానమంత మంచు మీద, వైపుకు 11 మందితో, చిన్న బంతితో ఆడే బెండీ అక్కడ పాత ఆట. పక్ అనే రబ్బరు బిళ్లతో ఆడే కెనడా హాకీకి జాతీయ స్థాయి పోటీ 1946 డిసెంబరులో మొదలైంది. ఆడిన వాళ్లలో చాలామంది వేసవిలో ఫుట్‌బాల్, చలికాలంలో బెండీ ఆడేవాళ్లే. సైన్యపు జట్టు అప్పట్లో సీడీకేఏ, అంటే ఎర్ర సైన్యపు కేంద్ర భవనం తరఫు జట్టు. కాలంతో పాటు పేరు మారుతూ వచ్చింది. సీఎస్‌కేఏ అన్నది 1960 నుంచి స్థిరపడింది. తొలి సీజన్ విజేత డైనమో. తర్వాత 1948, 49, 50లలో వరసగా మూడు సార్లు సైనిక జట్టు గెలిచింది. వాటిలో మొదటి రెండు గెలుపుల్లో పెద్ద పేరు వ్సేవొలోద్ బోబ్రోవ్‌ది. అతను ఫుట్‌బాల్‌లోనూ హాకీలోనూ దేశంలో అగ్రశ్రేణి ఆటగాడు, ఒలింపిక్స్‌లో రెండు ఆటల జట్లకూ కెప్టెన్‌గా చేసినవాడు.

1948లో ప్రాగ్ నుంచి ఎల్‌టీసీ జట్టు మాస్కో వచ్చింది. అప్పటికి యూరప్‌లో చెక్ ఆటగాళ్లు మేటి. వాళ్లతో ఆడిన మూడు మ్యాచ్‌లలో మాస్కో జట్టు ఒకటి గెలిచి, ఒకటి ఓడి, ఒకటి డ్రా చేసుకుంది. పుట్టి రెండేళ్లయినా నిండని ఆటకు ఇది చిన్న ఫలితం కాదు. బెండీ నేర్పిన స్కేటింగ్, పాసింగ్ ఆ ఫలితానికి పునాది. సీఎస్‌కేఏ ఆట ఆకాశం నుంచి ఊడిపడలేదు. దాని బీజం ఏ సైనిక ఉత్తర్వూ లేకముందే ఆ నేల మీద ఉంది.

అదే కాలంలో అధికారం ఆటను ఎలా ఆడించగలదో కూడా కనిపించింది. స్టాలిన్ కొడుకు వసీలీ మాస్కో ప్రాంత వైమానిక దళాల అధిపతి. వీవీఎస్ అనే తన జట్టులోకి ఇతర క్లబ్బుల ఆటగాళ్లను లాక్కోవడం అతనికి మామూలు. బోబ్రోవ్‌నూ అలాగే తీసుకున్నాడు. 1950 జనవరిలో స్వెర్ద్‌లోవ్‌స్క్ దగ్గర ఆ జట్టు విమానం కూలింది. 11 మంది ఆటగాళ్లు సహా విమానంలో ఉన్న 19 మందీ చనిపోయారు. మృతుల్లో తరాసోవ్ తమ్ముడు యూరీ ఒకడు. బోబ్రోవ్ ఆ విమానం ఎక్కలేదు, అందుకే బతికాడు. ఇంత ఘోరం జరిగినా అప్పుడు వార్త పత్రికల్లో రాలేదు. కొత్తవాళ్లతో జట్టు నిలబడింది, 1951 నుంచి 53 దాకా మూడేళ్లూ గెలిచింది. 1953 మార్చిలో స్టాలిన్ పోయాక కొడుకు పలుకుబడి పోయింది, జట్టు రద్దయింది, అందులోని మేటి ఆటగాళ్లు సైన్యపు జట్టులో కలిశారు. సీఎస్‌కేఏ ఆధిపత్యానికి మొదటి మెట్టు ఈ విలీనం. దీన్ని ఏ కోచ్ ప్రతిభ ఖాతాలోనూ వేయలేం.

ఇక తరాసోవ్ విషయానికి వద్దాం. 1918లో పుట్టిన ఈ మనిషి మొదట వీవీఎస్‌లోనే ఆడుతూ కోచ్‌గా చేశాడు. వసీలీ స్టాలిన్‌తో పొసగక సైన్యపు జట్టుకు మారాడు. మధ్యలో కొన్ని విరామాలున్నా 1974 దాకా ఆ క్లబ్‌కు అతనే ప్రాణం. కెనడా వాళ్ల ఆటను చూసి అలాగే ఆడదామని అతను అనుకోలేదు. పక్‌ను ప్రత్యర్థి మూలకు కొట్టి వెంటపడటం, ఒంటితో ఢీకొని లాక్కోవడం కెనడా పద్ధతి. తరాసోవ్ దృష్టిలో పక్‌ను చేతులారా వదులుకోవడమే తప్పు. దారి మూసుకుపోతే వెనక్కి తిప్పు, సహచరుడికి ఇవ్వు, మళ్లీ అల్లుకురా అన్నాడు. పక్ ఉన్నవాడికన్నా పక్ లేనివాళ్లు ఎక్కువ కదలాలి అన్నది ఆ ఆట మూలం. ఐదుగురూ ఒకే శరీరంలా కదలాలని ముగ్గురు ఫార్వర్డ్‌లు, ఇద్దరు డిఫెండర్లు అనే గీతనే చెరిపే ప్రయత్నం చేశాడు. వెనక ఒకడు, మధ్యలో ఇద్దరు, ముందు ఇద్దరు అనే అమరికను అలెక్సాందర్ రగూలిన్, అనతోలీ ఫిర్సోవ్ వంటి వాళ్లతో ఆడించాడు.

ఆ రోజుల్లో కృత్రిమ మంచు అరుదు. లుజ్నికి క్రీడాభవనం 1956లో వచ్చింది, సీఎస్‌కేఏకు సొంత మంచు భవనం 1964లో. మంచు లేని నెలల్లో ఏం చెయ్యాలన్న ఇబ్బంది నుంచే తరాసోవ్ సాధనా పద్ధతి పుట్టింది. బరువులు మోయడం, సహచరుణ్ని భుజాల మీద ఎక్కించుకుని పరుగెత్తడం, పిల్లిమొగ్గలు, నేల మీద పాసింగ్. ఇప్పుడు ప్రపంచమంతా వేసవిలో హాకీ ఆటగాళ్లకు నేల మీద సాధన చేయిస్తున్నారు. ఆ దారి వేసినవాళ్లలో అతను ముందువాడు. డైనమో కోచ్ అర్కాదీ చెర్నిషోవ్‌తో కలిసి జాతీయ జట్టును 1963 నుంచి 71 దాకా వరసగా తొమ్మిది ప్రపంచ టైటిళ్లకు, మూడు ఒలింపిక్ స్వర్ణాలకు నడిపించాడు. 1964లో మొదలైన పిల్లల పోటీ ‘జొలొతాయా షాయ్బా’, అంటే బంగారు పక్, దేశమంతా పల్లె వీధుల్లోకి ఆటను తీసుకెళ్లింది. దాని వెనకా అతనున్నాడు. కెనడా వాళ్లు 1974లోనే అతన్ని తమ హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో ఎదుటి శిబిరం నుంచి వచ్చిన ఈ గుర్తింపు కన్నా గట్టి సాక్ష్యం అక్కర్లేదు. తరాసోవ్ లేని సీఎస్‌కేఏ కూడా కప్పులు గెలిచేదేమో, కానీ ఆ ఆట మాత్రం ఉండేది కాదని నా నమ్మకం.

అయితే ఆ ఆటకు మనుషులు ఎక్కడినుంచి వచ్చారు? సోవియట్ క్లబ్ ప్రతిదానికీ వెనక ఒక సంస్థ ఉండేది. డైనమో పోలీసు, భద్రతా శాఖలది. స్పార్తక్ కార్మిక సంఘాలది. క్రిల్యా సోవెతోవ్ విమాన పరిశ్రమది. చెల్యాబిన్‌స్క్‌లో ట్రాక్టర్ కర్మాగారానిది, వస్క్రెసెన్‌స్క్‌లో రసాయన కర్మాగారానిది. వీటన్నిటిలో 18 ఏళ్లు నిండిన ప్రతి కుర్రాడినీ చట్టప్రకారం పిలిపించుకోగల హక్కు సైన్యానికే ఉంది. మన దగ్గర జాతీయ పోటీల్లో సర్వీసెస్, రైల్వేస్ జట్ల బలం తెలిసిందే. ఉద్యోగం కోసం రాష్ట్రాల ఆటగాళ్లు అక్కడికి చేరతారు. తేడా ఒక్కటే, మన ఆటగాడు కాదనగలడు. అక్కడ కాదనడానికి లేదు. పైగా సైనిక మండలాలకు వేరే జట్లుండేవి. మాస్కోకు ఇంకా పనికిరాడనుకున్న కుర్రాణ్ని అక్కడికి పంపి చూసేవారు. వలేరీ ఖర్లామోవ్ చిన్న ఒళ్లు చూసి తరాసోవ్ మొదట పెదవి విరిచి, 1966లో ఉరాల్ ప్రాంతంలోని చెబార్కుల్ జట్టుకు పంపాడు. అక్కడ అతను గోల్స్ కురిపించాక వెనక్కి పిలిచాడు. మిహాయ్‌లోవ్, పెత్రోవ్, ఖర్లామోవ్ అనే ఫార్వర్డ్‌ల త్రయం అలా కుదిరింది.

ఈ ఏర్పాటు వల్ల నష్టపోయిన వాళ్ల చరిత్ర ఎక్కువగా రాయబడలేదు, రాయాల్సింది అదే. వస్క్రెసెన్‌స్క్ మాస్కోకు దగ్గర్లోని చిన్న పట్టణం. అక్కడి హిమిక్ జట్టుకు నికొలాయ్ ఎప్ష్టైన్ రెండు దశాబ్దాలకు పైగా కోచ్. అతను పిల్లలను పట్టి, తీర్చి, పెద్ద లీగ్‌లో నిలబెట్టేవాడు. వాళ్లు తేలగానే మాస్కో క్లబ్బుల చూపు పడేది. రగూలిన్ 1962లో అక్కడినుంచే సీఎస్‌కేఏకు వెళ్లాడు. ఇగోర్ లారియోనోవ్ 1981లో అదే బాట పట్టాడు. ప్రపంచం ఇప్పటికీ ఒకే పేరుగా తలచుకునే 1980ల ఐదుగురిని తీసుకోండి: ఫెతిసోవ్, కసతోనోవ్, క్రుతోవ్, లారియోనోవ్, మకారోవ్. వీళ్లలో ఫెతిసోవ్, క్రుతోవ్ మాత్రమే సీఎస్‌కేఏ పిల్లల బడిలో పెరిగినవాళ్లు. కసతోనోవ్ లెనిన్‌గ్రాద్ వాడు, మకారోవ్ చెల్యాబిన్‌స్క్ వాడు, లారియోనోవ్ వస్క్రెసెన్‌స్క్ వాడు. ‘సీఎస్‌కేఏ బడి’ అని మనం పొగిడేది నిజానికి సోవియట్ దేశం మొత్తం నడిపిన బడి. పండిన పంట చేరిన గాదె మాత్రం ఒకటే.

అయినా తరాసోవ్ కాలంలో లీగ్ చచ్చిపోలేదు. 1962, 67, 69లలో స్పార్తక్ గెలిచింది. 1969 మే 11న ఆ రెండు జట్ల మధ్య జరిగిన మ్యాచ్‌లో ఒక గోల్‌ను రిఫరీ లెక్కించలేదని తరాసోవ్ జట్టును మంచు మీదనుంచి తీసుకెళ్లిపోయాడు. స్టాండ్స్‌లో సోవియట్ అధినేత బ్రెజ్నెవ్ కూర్చుని ఉన్నాడు. దాంతో తరాసోవ్‌కున్న గౌరవ కోచ్ బిరుదును తీసేశారు, కొన్నాళ్లకు తిరిగి ఇచ్చారు. సైన్యం అండ ఉన్న క్లబ్ కూడా ఓడేది, దాని కోచ్‌కూ శిక్ష పడేది అని ఈ ఘటన చెబుతుంది. 1974లో క్రిల్యా సోవెతోవ్, 1976లో మళ్లీ స్పార్తక్ గెలిచాయి. అసలైన ఊపిరాడనితనం వచ్చింది ఆ తర్వాతే.

ఆ మధ్యలో ఒక పరీక్ష జరిగింది. 1975 డిసెంబరు, 1976 జనవరి నెలల్లో సీఎస్‌కేఏ ఉత్తర అమెరికా వెళ్లి అక్కడి వృత్తి లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ క్లబ్బులతో ఆడింది. డైనమో నుంచి ఇద్దరిని అరువు తెచ్చుకుంది గానీ జట్టు ప్రధానంగా దానిదే. న్యూయార్క్ రేంజర్స్‌ను 7-3తో, బోస్టన్‌ను 5-2తో ఓడించింది. డిసెంబరు 31న మాంట్రియల్‌తో 3-3 డ్రా. ఆ రాత్రి మాంట్రియల్ 38 షాట్లు కొట్టింది, సీఎస్‌కేఏ కొట్టినవి 13. గోల్‌కీపర్ వ్లాదిస్లావ్ త్రెత్యాక్ నిలబడ్డాడు. ఆ మ్యాచ్‌ను ఇప్పటికీ ఇరుపక్షాల వాళ్లూ హాకీ చరిత్రలో గొప్పవాటిలో ఒకటిగా లెక్కిస్తారు. చివరికి ఫిలడెల్ఫియాలో ఖర్లామోవ్‌ను కొట్టి పడేస్తే కోచ్ కాన్‌స్తంతీన్ లోక్తెవ్ జట్టును బయటికి తీసుకెళ్లాడు. ఆడకపోతే పర్యటన డబ్బు రాదని చెప్పాక తిరిగివచ్చి 4-1తో ఓడారు. 1991 దాకా జరిగిన ఇలాంటి పర్యటనలన్నీ కలిపితే ఎన్‌హెచ్‌ఎల్ క్లబ్బులతో 36 మ్యాచ్‌లు, 26 గెలుపులు. ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాళ్లెవరూ సీఎస్‌కేఏ పిలుపుకు లొంగాల్సినవాళ్లు కారు. ఇంటి లీగ్‌లో గెలుపులన్నీ అధికారం వల్లేనన్న వాదం ఈ అంకె దగ్గర ఆగిపోతుంది.

1977లో విక్తర్ తీహొనోవ్ వచ్చాడు. ఒకప్పుడు వీవీఎస్‌లో ఆడినవాడు, రీగా డైనమోను పైకి తెచ్చినవాడు. సీఎస్‌కేఏతో పాటు జాతీయ జట్టూ అతని చేతికే వచ్చింది. దీంతో క్లబ్‌కు, దేశానికి మధ్య గోడ పోయింది. జాతీయ జట్టుకు కావాలంటే సీఎస్‌కేఏలో ఉండాలి, సీఎస్‌కేఏలో ఉంటే అర్హంగెల్‌స్కయె శిక్షణ శిబిరంలో ఉండాలి. ఏడాదిలో చాలా నెలలు ఆటగాళ్లు పెళ్లాం పిల్లలకు దూరంగా, తాళం వేసిన ఆవరణలో గడిపారు. 1981లో ఖర్లామోవ్‌ను తీహొనోవ్ కెనడా కప్ జట్టులోకి తీసుకోలేదు. జట్టు విన్నిపెగ్‌లో ఉండగా, ఆగస్టు 27న మాస్కో బయట రోడ్డు ప్రమాదంలో ఖర్లామోవ్, భార్య ఇరీనా చనిపోయారు. అతనికి 33 ఏళ్లు. 1984లో త్రెత్యాక్ ఇంట్లో ఉండి మ్యాచ్‌ల ముందు వస్తానని అడిగాడు. కోచ్ ఒప్పుకోలేదు. ప్రపంచంలోనే మేటి గోల్‌కీపర్ 32 ఏళ్లకే ఆట మానేశాడు.

తీహొనోవ్ 1978 నుంచి 1989 దాకా 12 టైటిళ్లు, జాతీయ జట్టుతో మూడు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచాడు. అతని పట్టుదలను, పనిని తక్కువ చేయనక్కర్లేదు. కానీ తరాసోవ్ దగ్గర కాఠిన్యం ఆట కోసం పుట్టింది, తీహొనోవ్ దగ్గర ఆట కాఠిన్యానికి లోబడింది. ఆటగాళ్ల సాక్ష్యాలన్నీ ఈ తేడా దగ్గరే కలుస్తాయి. 1988 అక్టోబరులో లారియోనోవ్ ‘అగన్యోక్’ పత్రికలో తీహొనోవ్‌కు బహిరంగ లేఖ రాశాడు. పెరెస్త్రోయికా సంస్కరణల కాలం కనుక అచ్చయింది. సైనికాధికారి హోదాలో ఉన్న ఫెతిసోవ్ విడుదల కోరాడు, ఇస్తామన్నారు, ఇవ్వలేదు. నోరు విప్పాక జట్టు నుంచి తీసేశారు. అతను లేకుండా ప్రపంచ చాంపియన్‌షిప్ ఆడబోమని తోటివాళ్లు నిలబడ్డారు, అతన్ని తిరిగి తీసుకోక తప్పలేదు. అదే 1989లో ఫెతిసోవ్ న్యూజెర్సీకి, లారియోనోవ్, క్రుతోవ్ వాంకూవర్‌కు, మకారోవ్ కాల్గరీకి వెళ్లారు. ఆ మేలో స్టాక్‌హోమ్‌లో 20 ఏళ్ల అలెక్సాందర్ మొగిల్నీ జట్టును విడిచి పారిపోయాడు. మరుసటి ఏడాది పోర్ట్‌లండ్‌లో సెర్గేయ్ ఫ్యొదొరోవ్, 1991లో పావెల్ బురే. కట్టేసిన తాడు తెగిన మూడేళ్లలో జట్టు ఖాళీ అయింది.

తర్వాతి దశాబ్దం త్వరగా చెప్పేయవచ్చు. 1993లో పిట్స్‌బర్గ్ పెంగ్విన్స్ యజమానులు భాగస్వాములుగా వచ్చి రంగురంగుల ప్రదర్శనలతో ప్రేక్షకులను తెచ్చారు. మాస్కోలో అప్పుడున్న నేరం, అవినీతి మధ్య ఆ పొత్తు రెండేళ్లకు మించి నిలవలేదు. 1996లో సైన్యానికీ తీహొనోవ్‌కూ చెడి, ఒకే పేరుతో రెండు క్లబ్బులయ్యాయి. 2002లో మళ్లీ కలిశాయి. 32 టైటిళ్ల క్లబ్ ఆ ఏళ్లలో తన పేరు కోసమే పోరాడింది.

అదే కాలంలో ఆ ఆట ఎక్కడుంది? డెట్రాయిట్‌లో ఉంది. 1995 అక్టోబరులో కోచ్ స్కాటీ బౌమన్ ఫెతిసోవ్, లారియోనోవ్, కాన్‌స్తంతీనోవ్, ఫ్యొదొరోవ్, కొజ్లోవ్‌లను ఒకే వరసలో దించాడు. ఐదుగురూ ఎప్పుడో ఒకప్పుడు సీఎస్‌కేఏ చొక్కా తొడిగినవాళ్లే, లారియోనోవ్, కొజ్లోవ్ పెరిగింది మాత్రం హిమిక్‌లో. పక్‌ను వదలకుండా వెనక్కి తిప్పి మళ్లీ అల్లుకొచ్చే ఆట అమెరికా మంచు మీద పూసింది. 1997లో స్టాన్లీ కప్ వచ్చింది, ఆ ఆగస్టులో కప్పు మొదటిసారి మాస్కోకూ వచ్చింది. తరాసోవ్ 1995లోనే పోయాడు, ఇది చూడలేదు. నా దృష్టిలో ఈ వ్యాసం మొదట్లో అడిగిన ప్రశ్నకు జవాబు డెట్రాయిటే. బలవంతం పోయాక క్లబ్ కూలింది, ఆట కూలలేదు. అంటే వరస టైటిళ్లను నిలబెట్టింది నిర్బంధం. ఆటను నిలబెట్టింది ఆ కోచ్, ఆ ఆటగాళ్లు, వాళ్లను కని పెంచిన చిన్న పట్టణాల క్లబ్బులు.

2010ల నాటికి కొత్త అండ దొరికింది. ప్రభుత్వ చమురు సంస్థ రోస్‌నెఫ్ట్ డబ్బుతో జట్టు మళ్లీ లేచింది. 2018లో పాత జిల్ వాహనాల కర్మాగారం స్థలంలో కట్టిన అరేనాకు మారింది. 2019లో ఇగోర్ నికీతిన్ కోచ్‌గా ఓంస్క్ అవన్‌గార్ద్‌ను 4-0తో ఓడించి లీగ్ విజేతకిచ్చే గగారిన్ కప్ గెలిచింది. 2022, 2023లలో మళ్లీ గెలిచింది, రెండుసార్లూ ఏడో మ్యాచ్‌లో. అప్పటి కోచ్ 1990లో పారిపోయిన ఆ ఫ్యొదొరోవే. ఈ రెండు గెలుపులు నిజాయితీగా పోరాడి తెచ్చుకున్నవి; లీగ్‌లో బలమైన జట్లు ఇంకా ఉన్నాయి.

కానీ పాత ఆయుధం మూలన పడలేదు. 2022 కప్పు గెలిపించిన గోల్‌కీపర్ ఇవాన్ ఫెదోతోవ్ ఆ మేలో ఫిలడెల్ఫియా ఫ్లయర్స్‌తో ఒప్పందం చేసుకున్నాడు. జూలై 1న సైనిక సేవ ఎగ్గొట్టాడన్న ఆరోపణతో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో అతన్ని పట్టుకుని, ఉత్తరాన నౌకాదళానికి పంపారు. సేవ ముగిశాక 2023లో సీఎస్‌కేఏ అతనితో మళ్లీ సంతకం చేయించింది. అంతర్జాతీయ హాకీ సమాఖ్య ఫ్లయర్స్ ఒప్పందమే చెల్లుతుందని తేల్చి, ఆటగాడిపై నాలుగు నెలలు, విదేశీ బదిలీల విషయంలో క్లబ్‌పై ఏడాది నిషేధం విధించింది. 2024 మార్చిలో క్లబ్ అతన్ని వదిలిపెట్టింది, అతను ఫిలడెల్ఫియా చేరాడు. సీఎస్‌కేఏ చరిత్ర రాసేవాళ్లు 32 టైటిళ్ల, మూడు గగారిన్ కప్పుల పట్టిక పక్కనే రగూలిన్ నుంచి ఫెదోతోవ్ దాకా, పిలిపించుకున్న, పట్టి ఉంచిన ఆటగాళ్ల రెండో పట్టికనూ పెట్టాలి. హిమిక్, చెల్యాబిన్‌స్క్ ట్రాక్టర్ వంటి క్లబ్బుల పేర్లు అందులో మొదటి వరసలో ఉండాలి.